పిల్లదెయ్యం వీధిలో మా చిన్నమామయ్య

మా చిన్నమామయ్య దేన్నైనా తిరగేసి చూడకుండా మెచ్చుకోడు. తిరగేసి చూశాక అసలే మెచ్చుకోడు.

తప్పు ఆయనది కాదు లెండి, ఉద్యోగానిది. చొక్కాల ఫ్యాక్టరీలో తనిఖీ బల్ల దగ్గర నిలబడి రిటైరయ్యే వరకూ ఆయన చేసిన పనల్లా ఒక్కటే. వచ్చిన చొక్కాని లోపలివైపుకి తిప్పడం, కుట్టు చూడటం, ఊడిన చోట సుద్దముక్కతో గీత పెట్టడం. ఫ్యాక్టరీ ఆయన్ని వదిలేసింది గానీ ఆయన తనిఖీని వదల్లేదు. కొత్త ఇల్లు చూడమని పిలిస్తే హాల్లో కూర్చోడు, తిన్నగా వంటింట్లోకి వెళ్లి సింకు కింద తల దూరుస్తాడు. నేను మా ఆయన్ని మొదటిసారి ఇంటికి తీసుకొచ్చినప్పుడు, ఆప్యాయంగా భుజం మీద చెయ్యి వేసి, ఆ చేత్తోనే కోటు అంచు తిప్పి చూశాడు.

"కుర్రాడు బాగున్నాడు. అస్తరు నాసిరకం," అన్నాడు.

మా ఆయన ఆ కోటు మళ్లీ ఎక్కడా వేసుకోలేదు.

"మీకిది ఇవాళ కొత్త," అంటుంది అత్తయ్య. "పెళ్లైన కొత్తలో నేను వారం రోజులు కూర్చుని కర్టెన్లు కుట్టి తగిలించాను. ఎలా ఉన్నాయండీ అంటే ఏమన్నారో తెలుసా? కిటికీ బాగుందన్నారు."

ఇలాంటి మనిషి కడుపున పుట్టి, మా మరదలు ఒక వీడియో గేమ్ తయారుచేసింది. ధైర్యమంటే అదీ.

అది మామూలు ధైర్యం కాదు. ఇన్సూరెన్స్ ఆఫీసులో నికరమైన ఉద్యోగం మానేసి, స్నేహితురాలితో కలిసి వెనకగదిలో కంప్యూటర్ల ముందు కూర్చుంది. డౌన్‌లోడ్ చేసుకుని ఒక మధ్యాహ్నంలో ఆడేసుకునే, పాత్ర మనమే అయి నడిపే చిన్న రోల్ ప్లేయింగ్ ఆట. పేరు 'ఒక్క రాత్రి దెయ్యం'. విడుదలైంది. బంధువులందరూ "సూపర్", "అదిరింది" అని మెసేజీలు పెట్టారు. మా అమ్మయితే ఒక వరస గుండెబొమ్మలే పెట్టింది. వీళ్లలో ఒక్కరూ దాన్ని డౌన్‌లోడ్ చెయ్యలేదు. బయటివాళ్లయితే ఆ వైపు కన్నెత్తి చూడలేదు. పాత ఆఫీసు మేనేజరు మంచివాడు, "నీ కుర్చీ నెలాఖరు దాకా ఖాళీగా ఉంచుతానమ్మా, వస్తావో రావో చెప్పు," అన్నాడు. ఈలోగా ఆడేవాళ్లు దొరక్కపోతే ఆ పిల్ల మళ్లీ పాలసీ కాగితాల్లోకి వెళ్లిపోవాల్సిందే.

ఆ ఆదివారం మామయ్య ఆట ఆడతానని కూర్చున్నాడు. చుట్టూ మేం.

"హాలోవీన్ అంటే ఏంటే అమ్మలూ?"

"పిల్లలు దెయ్యాల వేషాలేసుకుని ఇంటింటికీ వెళ్లి మిఠాయిలు అడిగే పండగ నాన్నా."

"మరి ఈ దుప్పటి కప్పుకున్నవాడు?"

"వాడిది వేషం కాదు, వాడు నిజం దెయ్యమే. పిల్లదెయ్యం. ఏడాదంతా వాణ్ని చూసి అందరూ పారిపోతారు. ఆ ఒక్క రాత్రి మాత్రం వేషమనుకుని తలుపు తీస్తారు. తెల్లారేలోగా వాడి సంచీ నిండాలి."

మామయ్య తెర దగ్గరికి వంగి చూశాడు. "ఊహ బాగుంది," అన్నాడు. మేమంతా ఊపిరి బిగబట్టాం. "దుప్పటికి అంచు కుట్టలేదు."

అక్కడ మొదలైంది తనిఖీ. నిజం చెప్పాలంటే ఆట ముద్దుగా ఉంది. మంచులో నారింజరంగు దీపాలు, తొంగిచూసే గుమ్మడికాయలు, ఒక్కో ముసుగు తగిలిస్తే పిల్లదెయ్యానికి ఒక్కో విద్య. గుడ్లగూబ ముసుగేస్తే చీకట్లో దారి కనపడుతుంది, పిల్లి ముసుగేస్తే గోడలెక్కుతాడు. వీధి మధ్యలో మిఠాయికొట్టు మంత్రగత్తె ఒకతి ఉంది, వచ్చినవాళ్లనల్లా ఉతికి ఆరేస్తుంది. ఆమె మాటలకి మామయ్య పొలమారేలా నవ్వాడు.

"ఈవిడ మాటలు ఎవరు రాశారే?"

"నేనే నాన్నా."

"బాగా తిడుతోంది," అన్నాడు. మా మరదలి మొహం వెలిగింది. ఆయన వెంటనే ఆర్పేశాడు. "కానీ ఈ పోట్లాటలేంటే? నేనొకటి కొట్టాలి, తర్వాత ఆ గుమ్మడికాయ కొట్టేదాకా చేతులు కట్టుకుని నిలబడాలి. ఇది కొట్టుకోవడమా, మర్యాదలు చేసుకోవడమా?"

"వంతులవారీ పోరాటం నాన్నా. ఈ రకం ఆటల్లో అంతే."

"మొదటిసారి సరదాగా ఉంది. రెండోసారి సరే. ఆ తర్వాత ఉతికిన బట్టలు మడతపెట్టినట్టే ఉంది."

ఇంతలో గ్యాస్ బండ వచ్చిందని లేచి, పొదుపు మనిషి కదా, కంప్యూటర్ ఆపేసి వెళ్లాడు. తిరిగొచ్చి చూస్తే పిల్లదెయ్యం వీధి మొదట్లో ఖాళీ సంచీతో నిలబడి ఉన్నాడు.

"నేను సగం వీధి తిరిగానే!"

"వీధి చివరికి వెళ్తేనే సేవ్ అవుతుంది నాన్నా."

"అంటే మధ్యలో మనిషి లేవకూడదా? గ్యాసు వచ్చినా?"

మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి అందరిలా ఇళ్ల ముందు నుంచి కాకుండా, ఆయన అలవాటు ఆయనది కదా, ఇళ్ల వెనక్కి వెళ్లాడు. చివరి ఇంటి వెనక గోడకీ చెత్తడబ్బాకీ మధ్య పిల్లదెయ్యాన్ని కుక్కి, తోసి, మళ్లీ తోశాడు. పిల్లదెయ్యం గోడలోంచి అవతలికి జారి తెల్లటి శూన్యంలో పడి, కాళ్లు కొట్టుకుంటూ ఉండిపోయాడు.

"అమ్మలూ! మీవాడు వీధి దాటి పడిపోయాడే. ఇక్కడేం లేదు. నేల కూడా లేదు!"

మా మరదలు పరుగెత్తుకొచ్చి చూసింది. మొహం పాలిపోయింది. "అక్కడికి ఎవరెళ్తారు నాన్నా?"

"నేను వెళ్లాను కదా."

"ఒక్కసారి... ఒక్కసారి ఊరికే బాగుందని అనలేవా?"

"దీపాలు బాగున్నాయి, ముసుగులు బాగున్నాయి. ఆట మరీ పొట్టి, పోట్లాటలు విసుగు, గోడకి సందు. ఉన్నదే చెప్పాను."

ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అత్తయ్య మింగేసేలా చూసింది. మామయ్య ఆ తలుపు వైపు చూసి, "మడతబందుకి నూనె పెట్టాలి," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మా అమ్మ తమ్ముడు కాకపోతే ఆ చెత్తడబ్బా వెనక ఆయన్నే కుక్కేదాన్ని.

నేను పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చుంటాను. రెండు రోజులు తిరక్కుండానే మామయ్య బుగ్గ పట్టుకుని దిగాడు. పన్ను నొప్పట. చీటీ రాయించుకుని, వెయిటింగ్ హాల్లో నిండుగా జనం ఉన్న బెంచీ చూసుకుని మధ్యలో కూర్చున్నాడు. నేను ఫోన్లు ఎత్తుతున్నానన్న మాటేగానీ చెవులు రెండూ అటే.

"మీరు మాత్రం పొరపాటున కూడా ఆ ఆట ఆడకండి," అంటున్నాడు పక్కనున్న బస్సు డ్రైవరుతో.

వాచిన బుగ్గతో డ్రైవరు అటు తిరిగాడు. "ఏ ఆటండీ?"

"వద్దులెండి. 'ఒక్క రాత్రి దెయ్యం' అని. వెతగ్గానే వచ్చేస్తుంది, అదో కర్మ. వీధి చివర గోడలో సందు ఉంది. దెయ్యం అవతల పడిపోతుంది."

"గోడలో సందా? ఎక్కడ?"

"మీకు కనపడదులెండి. దానికి కన్నుండాలి."

డ్రైవరుకి పౌరుషం వచ్చింది. పన్ను నొప్పి మర్చిపోయి ఫోను తీశాడు. కూతురి ఆట పరువు ఇలా నలుగురిలో తీస్తున్నాడే, ఈయన తండ్రా, తనిఖీ యంత్రమా అనుకున్నాను.

మర్నాడు మళ్లీ వచ్చాడు. ఆ తర్వాత కూడా. క్లినిక్ ఎదుటి పూలకొట్టు ఆవిడకి మంత్రగత్తె నోటిదురుసు గురించి ఫిర్యాదు చేశాడు. "ఎవర్నీ వదలదండీ, మీరయితే తట్టుకోలేరు," అంటే ఆవిడ వెంటనే, "నేనా? చూద్దాం!" అంది. చివరికి డాక్టరుగారే నన్ను లోపలికి పిలిచారు.

"మీ మామయ్యగారి పళ్లు నా పళ్లకన్నా గట్టిగా ఉన్నాయి. ఎందుకొస్తున్నారమ్మా ఈయన?"

అప్పుడు నాకు అనుమానం తగిలింది. బయటికొచ్చి జాగ్రత్తగా చూశాను. మామయ్య పక్కవాడి ఫోనులోకి వంగి, "డౌన్‌లోడ్ అయిందా? నెమ్మదిగా ఉంటే వైఫై పాస్‌వర్డ్ ఆ కౌంటర్లో అమ్మాయినడగండి," అంటున్నాడు. ఆ అమ్మాయి నేనే. వారం నుంచి అడిగినవాళ్లందరికీ పాస్‌వర్డ్ ఇస్తున్నదీ నేనే.

ఎదురుగా కూర్చున్న కాలేజీ కుర్రాడు ఒకడు విసుగ్గా, "అయితే చెత్త ఆటన్నమాట," అన్నాడు.

మామయ్య మెడ గిర్రున తిరిగింది. "ఎవరన్నారు?"

"మీరే కదా ఇందాకట్నుంచి..."

"తప్పులున్నాయన్నాను. చెత్తన్నానా? చెత్తదాన్ని ఎవరైనా తిప్పి తిప్పి చూస్తారా, అవతల పారేస్తారు గానీ! చివరిదాకా ఆడు, అప్పుడు మాట్లాడు."

నేను ఆయన్ని చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కెళ్లాను. "మామయ్యా, కావాలనే చేస్తున్నావా ఇదంతా?"

"అరవకే. నా కూతురు ఆట చేసింది, బాగుందండీ అంటే ఎవడు వింటాడు? నవ్వి ఊరుకుంటారు. తప్పుందని చెప్పు, నిజమో కాదో తేల్చాలని ప్రతివాడికీ చెయ్యి దురద పెడుతుంది."

"మరి ఆ మాట దానికి చెప్పొచ్చుగా! అది ఏడుస్తోంది అక్కడ."

"చెప్తే నాన్న తోశాడు కాబట్టి ఆట కదిలిందనుకుంటుంది. జనం వాళ్లంతట వాళ్లే వచ్చారనుకోనీ. నువ్వు చెప్పకు, ఒట్టు."

ఒట్టేశాను. ఆయన మెట్లు దిగేలోగా మరదలికి ఫోన్ చేశాను.

నెలాఖరు రోజు అది మళ్లీ చేరతానని చెప్పడానికి ఇన్సూరెన్స్ ఆఫీసుకి వెళ్తూ మా క్లినిక్కి వచ్చింది. ఆడేవాళ్లు పెరుగుతున్నారని దానికీ తెలుసు. ఎవరెవరో గోడలో సందు ఎక్కడుందని అడుగుతూ రాస్తున్నారట. అయినా నా మాట నమ్మలేదు. "నాన్నా? నా కోసమా? పో వదినా," అంది. సరే, నువ్వే విను అని కౌంటరు వెనక కూర్చోబెట్టాను.

హాల్లో మామయ్య మంచి ఊపు మీదున్నాడు. "ఆట మొదలెట్టి కాఫీ పొయ్యి మీద పెడితే, అది పొంగేలోగా అయిపోతుంది. అంత పొట్టి!"

మరదలు దిగ్గున లేచి ముందుకెళ్లింది. "ఆ ఆట చేసింది నేనేనండీ," అంది.

హాలు హాలంతా దాని వైపు తిరిగింది. ముందు, మళ్లీ పన్ను చూపించుకోడానికొచ్చిన డ్రైవరు లేచాడు. "మీరా! అమ్మా, ఈ పెద్దాయన మాటలు పట్టించుకోకండి. పొట్టిదంటాడు. డిపోలో నాకు దొరికే ఖాళీ అంతే. పెద్ద పెద్ద ఆటలు మొదలెట్టి మధ్యలో ఎన్ని వదిలేశానో! నేను చివరిదాకా ఆడిన ఆట ఇదొక్కటే."

"ఆ మంత్రగత్తె మాటలకి కొట్లో ఒక్కదాన్నీ కూర్చుని నవ్వుతుంటే, వచ్చినవాళ్లు నాకు పిచ్చెక్కిందనుకున్నారు," అంది పూలకొట్టు ఆవిడ. తర్వాత మామయ్య మీదికి తిరిగింది. "అయినా ఏంటండీ మీరు? రోజూ వచ్చి ఈ పిల్ల కష్టాన్ని ఇలా ఆడిపోసుకుంటారు! మీ ఇంట్లోవాళ్లు మిమ్మల్ని ఎలా భరిస్తున్నారో పాపం!"

"అలవాటైపోయిందండీ," అంది మా మరదలు. నవ్వుతోంది. "మా నాన్న."

ఆ తర్వాత చూడాలి! "కన్నకూతురినా?" అని ఒకరు, "సిగ్గులేదూ?" అని ఒకరు, "బంగారంలాంటి ఆట!" అని ఇంకొకరు, తలో చెయ్యీ వేసి ఆయన్ని దులిపేశారు. ఆయన తల వంచుకుని, చెవులు ఎర్రబడగా, ఒక్క మాటకీ ఎదురు చెప్పకుండా కూర్చున్నాడు. తిట్లు తింటూ అంతగా మురిసిపోయిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

మా మరదలు అక్కడే నిలబడి ఆఫీసుకి ఫోన్ చేసింది. "నేను రావట్లేదండీ. ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి," అని చెప్పి, తండ్రి చెయ్యి పట్టుకుని లేపింది.

"పద నాన్నా. ముందు ఆ గోడలో సందు పూడ్చాలి."

మామయ్య కంగారుపడిపోయాడు. దాని వెనకాలే మెట్లు దిగుతూ బతిమాలడం నాకు కింది వీధిదాకా వినిపించింది. "పోట్లాటలు మార్చవే. సేవ్ పెట్టు. ఆ దుప్పటికి అంచు కుట్టు. ఆ సందు ఒక్కటీ మాత్రం ముట్టుకోకు తల్లీ, పాపం జనం ఇంకా వెతుక్కుంటున్నారు."