ఊదిన తీగ, కడిగిన పళ్ళెం

వీధి కుళాయి దగ్గర సన్యాసమ్మ బిందె పెట్టిందంటే వెనక వరసలో ఉన్నవాళ్ళు చాప పరుచుకుని ఓ కునుకు తీయొచ్చు. ముందు కుళాయి కడగాలి. తర్వాత కుళాయి కింద రాయి కడగాలి. తర్వాత బిందె లోపల, బయట, అడుగున. ఆ తర్వాత చేతులు. కడిగిన చేతులతో బిందె ముట్టుకుంటుంది కనక మళ్ళీ బిందె, బిందె కడిగింది కనక మళ్ళీ చేతులు. ఈలోగా కుళాయి ఆగిపోయేది. కుళాయి ఆగిపోతే ఆడవాళ్ళ నోళ్ళు మొదలయ్యేవి. వాటికి ఆగడం తెలీదు.

"ఓలమ్మ, దీనికి సముద్రం రాసిచ్చినా సాలదే!" అనేది పక్కవాటా జోగమ్మ. జోగమ్మ బిందెలో వేలు పెడితే వేలికి పాచి వచ్చేది. కానీ విశాఖపట్నం మల్కాపురంలో పాచి ఉన్న బిందెను చూసి ఎవరూ నవ్వరు. కడిగిన బిందెను చూసే నవ్వుతారు. "కడుగుళ్ళ సన్యాసి" అని పేరు పెట్టింది కూడా జోగమ్మే. పెట్టి, ఆ పేరు తనకి ఎంత బాగా తట్టిందో పదిమందికీ చెప్పుకునేది.

సన్యాసమ్మ పుట్టుకతో ఇలా లేదు. ఆరేళ్ళ కిందట, వానల్లో, నాలుగేళ్ళ కూతురు నూకాలుకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే పిల్ల కళ్ళు లోపలికి పోయాయి. తెల్లారేసరికి పిల్లే పోయింది. అప్పుడు అక్కడి డాక్టరు, రాస్తున్న కాగితం మీంచి తల ఎత్తకుండానే, "చేతులు శుభ్రంగా కడుక్కోవాలమ్మా, మీకు ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు" అన్నాడు. సన్యాసమ్మకి ఆయన చెప్పడం అదే మొదటిసారి. రోజుకి ఎంతమంది తల్లులతో ఆ మాట అంటాడో, టీ తాగేలోపే మర్చిపోయి ఉంటాడు. సన్యాసమ్మ మర్చిపోలేదు. ఇంటికొచ్చి చేతులు కడగడం మొదలుపెట్టింది. ఇంకా అవ్వలేదు.

మొగుడు అప్పలసూరి పోర్టులో కలాసీ. పెళ్ళాన్ని ఏమీ అనేవాడు కాదు. ఏమీ అనకపోవడమే పెద్ద ఉపకారం అనుకునే మగవాళ్ళలో అతనొకడు. చొక్కా విప్పి చిలక్కొయ్యకి తగిలిస్తే ఉతికేస్తుందని చొక్కాతోనే పడుకునేవాడు.

ఇంట్లో ఒక చిన్న ఇత్తడి గ్లాసు ఉండేది. పిల్లకి ఏడాది నిండినప్పుడు కొని, దాని మీద చుక్కలు చుక్కలుగా "నూకాలు" అని పేరు కొట్టించారు. ఆరేళ్ళుగా ఆ గ్లాసులో ఎవరూ నీళ్ళు తాగలేదు. రోజూ చింతపండు, బూడిద పెట్టి తోమడం మాత్రం తప్పలేదు. తోమగా తోమగా ముందు అక్షరం చదును పడిపోయింది. అది సన్యాసమ్మ చూసింది. చూసి కూడా తోమింది.

గోపాలపట్నంలో గురునాథరావు గారని ఒకాయన ఉండేవారు. పోర్టు గోదాములో గుమస్తాగా చేసి, ఉద్యోగమంతా వచ్చే బస్తాలు, పోయే బస్తాలు లెక్కపెట్టి రిటైరయ్యారు. రిటైరయ్యాక లెక్కపెట్టడానికి భార్య కాశమ్మ తప్ప ఏమీ మిగల్లేదు. ఆవిడ ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒకరే. పేపర్లో ఎక్కడో పుట్టగొడుగుల పెంపకం గురించి చదివి, బెంగుళూరు వెళ్ళి, శిక్షణ పొంది, పంధొమ్మిదివందల ఎనభై అయిదులో రెండు వస్తువులు పట్టుకొచ్చారు. ఒకటి, కొన్ని గాజు గొట్టాల్లో పుట్టగొడుగుల తల్లి విత్తనం. రెండు, ఒక్క క్రిమి కూడా లేనంత శుభ్రం అని చెప్పే "స్టెరైల్" అనే మాట. మొదటిది పెరట్లో రేకుల షెడ్డులో పెట్టారు. రెండోది నోట్లో పెట్టుకుని తిరిగేవారు. పాలవాడు చెంబు మీద మూత పెట్టకపోయినా "నాట్ స్టెరైల్" అనేవారు.

కాశమ్మ ముచ్చటపడి కొనుక్కున్న ప్రెషర్ కుక్కరు షెడ్డులోకి వెళ్ళిపోయింది. మిఠాయి కొట్టువాడి పాత గాజు బీరువా ఒకటి వచ్చి, చేతులు దూర్చడానికి రెండు కన్నాలు పెట్టించుకుని "లేబొరేటరీ" అయింది. ఆ గాజు పెట్టె మూలల్లో ఇంకా మైసూర్ పాకు వాసన ఉండేది.

గోదాములో ఒకప్పుడు ఆయన చేతికింద పనిచేసిన చనువుతో అప్పలసూరి పెళ్ళాన్ని వెంటబెట్టుకొచ్చాడు.

"బాబూ, మా ఇంటిది కడుగుతాదండీ."

"ఎంత కడుగుతాది?"

"మీరు ఆపీదాకండీ."

గురునాథరావు గారి మొహం వెలిగిపోయింది. "ఇలాటి మనిషే కావాల్రా మనకి! స్టెరైల్ మనిషి!"

సన్యాసమ్మ పని ఇదీ. బంగాళాదుంపలు ఉడికించి, నీళ్ళు వడకట్టి, అందులో చక్కెర, సముద్రపు నాచునుంచి తీసే అగర్ అనే పొడి కలపాలి. వేడిగా ఉంటే అది గంజి, చల్లారితే ముంజికాయ. ఆ గంజి సీసాకి దూది బిరడా పెట్టి కుక్కర్లో ఆవిరి పట్టాలి. మూతలున్న చిన్న గాజు పళ్ళేల్ని తోమి, పాత పేపర్లో చుట్టి, వాటికీ ఆవిరి పట్టాలి. ఆ తర్వాతదంతా గురునాథరావు గారి చేతిపని. గాజు పెట్టెలో స్పిరిట్ దీపం వెలిగించి, గంజిని పళ్ళేల్లో పోసి గడ్డకట్టనిస్తారు. చెక్క పిడికి బిగించిన సన్నటి తీగని ఎర్రగా కాల్చి, గొట్టంలోంచి తల్లి విత్తనం ముక్కని గోరంత తుంచి, మూత కొంచెం ఎత్తి పళ్ళెంలో పెట్టి, టక్కున మూసేస్తారు.

ఆ షెడ్డులో సన్యాసమ్మ పొద్దున్నించీ సాయంత్రందాకా కడిగేది. ఎవరూ నవ్వలేదు. "ఇంకోసారి కడుగు" అన్నవాళ్ళు కూడా ఉన్నారు! ఆరేళ్ళలో మొదటిసారి ఆవిడ బస్సెక్కి ఎక్కడికో వెళ్ళడానికి తొందరపడింది. జీతం ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ షెడ్డు మాత్రం పోకూడదు. అంతకంటే ఆవిడకి ఏ కోరికా లేదు.

కానీ విత్తనం బతకడంలేదు. తెల్లగా నూగు పట్టాల్సిన పళ్ళేల్లో ఒకదాంట్లో పచ్చగా, ఒకదాంట్లో నల్లగా, ఒకదాంట్లో పసుపుగా బూజులు పట్టేవి. వరసగా పెడితే ముగ్గుల పోటీలా ఉండేది. గురునాథరావు గారు బెంగుళూరు విత్తనాన్ని తిట్టారు. సముద్రపు గాలిని తిట్టారు. కాశమ్మ పోపుని తిట్టారు. ఆఖరికి దిష్టి తగిలిందని తేల్చి, గాజు పెట్టెకి నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు. బెంగుళూరులో అది నేర్పినట్టు లేదు.

గొట్టాలు ఒక్కొక్కటే అయిపోయాయి. చివరికి మూత తీయని గొట్టం ఒక్కటే మిగిలింది.

"ఇదీ పోయిందంటే షెడ్డుకి తాళవే సన్యాసీ," అన్నారాయన. "ఇక నువ్వూ రానక్కర్లేదు."

సన్యాసమ్మ ఆ రోజు పళ్ళేల్ని మరీ ఎక్కువగా తోమింది.

మర్నాడు గురునాథరావు గారు బజారుకని బయల్దేరి, గొడుగు మర్చిపోయి వెనక్కొచ్చారు. పెరటి కుళాయి దగ్గర సన్యాసమ్మ కూర్చుని ఉంది. పక్కన కుక్కరు మూత తీసి ఉంది. పేపరు చుట్టలు విప్పి ఉన్నాయి. ఇంకా గోరువెచ్చగా ఉన్న పళ్ళేల మీద ఆవిడ కుళాయి నీళ్ళు పోస్తోంది.

"ఏటి సేత్తన్నావ్?"

"పళ్ళేలు కడుగుతన్నాను బాబూ."

"కుక్కర్లోంచి తీసినవా?"

"తీసినవే."

"ఎప్పట్నించి ఇలాగ?"

"మొదట్నించీనండి. ఉడికిన సామాను కడక్కుండా ఎలాగ పెడతాను? పేపరు సిరా అంటుకుంటాది. కడిగీసి, ఎండలో ఆరబెట్టి, కొత్త పేపర్లో సుడతన్నాను. మొన్న మీరే అన్నారు కదా, సన్యాసి సేతిలో పళ్ళేలు అద్దాల్లాగున్నాయని."

అన్నమాట నిజమే. గురునాథరావు గారు చాకిబండ మీద కూలబడ్డారు.

"ఓసి సన్యాసీ! ఆవిరికి సచ్చిన కిరుముల్ని మళ్ళీ తెచ్చి పెడతన్నావే! ఆ కుళాయి నీళ్ళలో ఏటుంటాదో తెలుసా నీకు? కంటికి అవుపించని పురుగులు. సుక్కకి లచ్చ! నువ్వు ఎంత కడిగితే అంత అంటిత్తన్నావు!"

"నీళ్ళు తేటగా ఉన్నాయి కదా బాబూ?"

"తేటగానే ఉంటాయి! తేటగా ఉన్నాయనే కదా అందరూ తాగీసి ఆసుపత్రుల్లో పడతన్నారు!"

సన్యాసమ్మ చేతిలో పళ్ళెం అలాగే ఉంది. దాని మీదనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"కడిగితే... అంటుతాదా?" అంది మెల్లగా.

పళ్ళేల గురించి అడుగుతోందనుకున్నారు గురునాథరావు గారు. "అంటదా మరి! సంపీసావే నన్ను!" అన్నారు.

వంటింటి కిటికీలోంచి కాశమ్మ ఇదంతా విని, గరిటె పట్టుకునే పెరట్లోకి వచ్చింది. కుక్కరు పోయిన నాటినుంచీ ఆవిడ ఇలాంటి రోజు కోసమే చూస్తోంది.

"దాన్ని తిట్టడం అయ్యిందా? మరి తమరి సంగతేటండీ?"

"నా సంగతేటి?"

"ఆ తీగ ఎర్రగా కాల్తారు. కాల్చి ఏటి సేత్తారు?"

"సల్లారుత్తాను. వేడిమీద పెడితే విత్తనం మాడిపోదా?"

"ఎలాగ సల్లారుత్తారు?"

గురునాథరావు గారు తీగ పట్టుకున్నట్టు చెయ్యి ఎత్తారు. మూతి ముందుకు పెట్టారు. పెట్టి, అక్కడే ఆగిపోయారు.

"ఆగిపోయారేటి, కానియ్యండి! ఉఫ్, ఉఫ్ అని ఊదుతారు. హోటల్లో టీ ఊదినట్టు. గాజు పెట్టె తలుపు తీసి, లోపలికి తల దూర్చీసి మరీ ఊదుతారు. తమరి నోట్లోంచి వచ్చీది గంగాజలమా? పొద్దున్న ఉల్లిపాయ, మధ్యాన్నం ఎండుసేప, రోజంతా చుట్ట!"

"అది... అలవాటులో..."

"బెంగుళూరోళ్ళు ఊదమన్నారా?"

బెంగుళూరువాళ్ళు ఊదొద్దనే చెప్పారు. కాల్చిన తీగని పళ్ళెం అంచున గడ్డకట్టిన గంజిలో గుచ్చితే చుయ్యిమని అదే చల్లారుతుందని చెప్పారు. శిక్షణలో ఆయన పక్కవాడికి పోర్టు కబుర్లు చెబుతూ సగం వినలేదు. రోజుకి వందసార్లు స్టెరైల్ అనే నోరు, అన్న వందసార్లూ ఆ పళ్ళేల మీదే అంది.

"ఇద్దరూ ఇద్దరే," అంది కాశమ్మ. "ఒకరు నీళ్ళు, ఒకరు గాలి. ఈ ఒక్క గొట్టానికీ నాను కాపలా ఉంటాను. అది ముట్టుకోకూడదు, తమరు మాటాడకూడదు. తేలిందా సరి. లేపోతే నా కుక్కరు నాకిచ్చీండి."

ఆ పూట ఆ షెడ్డులో జరిగింది చూస్తే జోగమ్మ ఏడాదిపాటు చెప్పుకునేది. ఫ్యాను ఆపేశారు. తలుపులు మూసేశారు. విశాఖపట్నం ఉక్కలో ముగ్గురూ ఉడుకుతున్నారు. గురునాథరావు గారి నోటికి, ముక్కుకి కలిపి కాశమ్మ తువ్వాలు బిగించి, వెనక రెండు ముళ్ళు వేసింది. ఆ రెండో ముడి వెయ్యడంలో ఏళ్ళ తరబడి విన్న బస్తాల కబుర్లన్నీ కలిపి బిగించినట్టుంది.

సన్యాసమ్మ మళ్ళీ ఆవిరి పట్టిన పేపరు చుట్టల్ని కుక్కర్లోంచి తీసి, కడక్కుండా, గాజు పెట్టెలో పెట్టాలి. అంతే పని. ఒక చుట్ట మీద సిరా మరక కనిపించింది. ఆవిడ వేళ్ళు వాటంతట అవే కుళాయి వైపు తిరిగాయి. కాశమ్మ గరిటె ఎత్తింది. సన్యాసమ్మ చుట్టని పెట్టెలో పెట్టేసి, చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని గోడకి ఆనుకుంది. ఒళ్ళంతా చెమట. అంత కష్టం ఆవిడ పిల్లని కన్నప్పుడు పడిందో లేదో.

పళ్ళేల్లో గంజి పోసి గడ్డకట్టనిచ్చారు. తీగ ఎర్రబడింది. గడ్డ అంచున గుచ్చారు. చుయ్యిమంది. గొట్టం మూతి దీపం మీద తిప్పారు. గోరంత ముక్క. మూత ఎత్తు, పెట్టు, మూసెయ్యి. మళ్ళీ తీగ కాల్చు. ఎవరూ మాట్లాడలేదు. ఆఖరి పళ్ళెం దగ్గర మాత్రం గురునాథరావు గారు మూత ఎత్తి పట్టుకునే తువ్వాలు కిందికి లాగి, "సూసావా, సెయ్యి వణకలేదు!" అన్నారు.

తర్వాత రోజూ సన్యాసమ్మ వచ్చి గాజు పెట్టె వైపు చూడకుండా నేల ఊడ్చి వెళ్ళిపోయేది. ఒకరోజు కాశమ్మే పిలిచింది. "ఏటే సన్నేసీ, ఇలా రా. సూడు."

ముక్కల చుట్టూ తెల్లగా, దూది పింజకంటే పలచగా, గుండ్రంగా నూగు వచ్చింది. పచ్చ లేదు, నలుపు లేదు. ఒక్క ఆఖరి పళ్ళెంలో మాత్రం మధ్యలో పచ్చటి బూజు నిగనిగలాడుతోంది.

"ఇది మీ బాబుగారి ఉపన్యాసం," అంది కాశమ్మ.

షెడ్డుకి తాళం పడలేదు. కొన్నాళ్ళకి ఆ నూగు నుంచి పుట్టగొడుగులు లేచాయి, ద్వారకా నగర్ హోటలువాడు వాటిని తీసుకోవడం మొదలుపెట్టాడు. నీళ్ళలోనూ, గాలిలోనూ కనపడని పురుగులుంటాయని తాను ఎలా కనిపెట్టారో గురునాథరావు గారు వచ్చినవాళ్ళకల్లా చెప్పేవారు. అందులో కాశమ్మ లేదు, సన్యాసమ్మ లేదు, తువ్వాలు అసలే లేదు.

సన్యాసమ్మ ఆ తెల్ల నూగు చూసిన రోజు ఇంటికి వచ్చి వరసలో నిలబడింది. కుళాయి కడగలేదు. రాయి కడగలేదు. బిందె నిండగానే ఎత్తుకుంది. వెనకవాళ్ళు తిట్టడానికి నోరు తెరిచి, తిట్టడానికేమీ లేక, అలాగే ఉండిపోయారు.

దారిపొడుగునా ఆవిడకి ఒకటే ఆలోచన. చేతులు కాదు. నీళ్ళు. తేటగా ఉన్న నీళ్ళు. ఆ డాక్టరు చేతులు కడుక్కోమన్నాడు గానీ, ఏ నీళ్ళతోనో చెప్పలేదు. ఆరేళ్ళు ఆ నీళ్ళతోనే కడిగింది. అయితే ఆ నీళ్ళు పట్టి పిల్ల నోటికి అందించిన చేతులెవరివి? అవీ తనవే. అక్కడికొచ్చి ఆ ఆలోచన ఆగిపోయేది. ముందుకీ పోదు, వెనక్కీ పోదు.

ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించి, తపేలాతో నీళ్ళు పెట్టింది. మరిగి తెర్లాయి. ఇంకా తెర్లనిచ్చింది. దించి, మూత పెట్టి, పక్కన కూర్చుంది. ఊదలేదు.

గోడ అవతలినుంచి జోగమ్మ తొంగి చూసింది. "ఏటే, కూర లేదు, బియ్యం లేదు, ఉత్త నీళ్ళు వండుతన్నావా?"

"అవునే."

"ఓలమ్మో! ఇన్నాళ్ళూ సామాన్లకి తానం సేయించీది, ఇప్పుడు నీళ్ళకే తానం సేయిత్తందర్రా!" అని వీధంతా వినపడేలా అరిచింది జోగమ్మ. వీధంతా నవ్వింది. పక్క వీధి కూడా నవ్వి ఉంటుంది.

నీళ్ళు చల్లారాయి. సన్యాసమ్మ గూట్లోంచి ఇత్తడి గ్లాసు తీసింది. చింతపండు వైపు చెయ్యి వెళ్ళబోతే వెనక్కి తీసుకుంది. పేరులో "కాలు" ఇంకా తెలుస్తోంది. గ్లాసు నిండా నీళ్ళు పోసింది.

చొక్కాతోనే పడుకున్న అప్పలసూరి లేచి కూర్చున్నాడు. ఆ గ్లాసుకేసి, పెళ్ళానికేసి చూశాడు.

"నాకూ కొంచెం పొయ్యి," అన్నాడు.