ఎర్ర గడిలో పెట్టిన పిల్ల

మూడేళ్లయింది. ఇప్పటికీ ఆ సంగతి చెప్పబోతే నా గొంతు దానంతటదే పెద్దదవుతుంది.

అప్పుడు నేను భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో పని చేస్తున్నాను. ఇద్దరమే టీచర్లం. నేనూ, రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మా హెడ్మాస్టరు గారూ. పిల్లల్లో ఎక్కువమంది కోయ ఇళ్ల నుంచి వచ్చేవాళ్లు. ఇంట్లో కోయ మాట్లాడతారు, తెలుగు బడికి వచ్చి నేర్చుకుంటారు.

ఆ ఏడాది బడికొక ట్యాబ్ ఇచ్చారు. అందులో పిల్లల చదువును పరీక్షించే యాప్ ఉంది. ముందు పిల్ల ఫోటో దించాలి. తరవాత తెర మీద ఒక పేరా కనిపిస్తుంది, పిల్ల దాన్ని పైకి చదవాలి. యాప్ విని, సరిగ్గా చదివిన పదాన్ని పచ్చగా, తప్పు చదివినదాన్ని ఎర్రగా చూపిస్తుంది. చివరికి పిల్ల ఫోటో పక్కన ఒక గడి వస్తుంది. చదువు వచ్చిన పిల్లకు పచ్చ గడి, రాని పిల్లకు ఎర్ర గడి. బడి దగ్గర సిగ్నల్ ఉండదు కాబట్టి సాయంత్రం ట్యాబ్ సంచిలో వేసుకుని, స్కూటర్ మీద జామాయిల్ తోట దాటి రోడ్డు మలుపు దాకా వెళ్లి, అక్కడ నిలబడి ఫోటోలూ, రికార్డయిన గొంతులూ, గడులూ అన్నీ పంపేదాన్ని.

ట్రైనింగులో మాకు చెప్పిన మాట ఒకటి బాగా గుర్తుంది. "ఇగ మీరు ఒక్కో పిల్లను కూసోబెట్టుకుని వినే పనే లేదు మేడం. యాపే వింటది." అది విని నేను సంతోషపడ్డాను. అబద్ధం ఎందుకు, ఐదు తరగతులు ఇద్దరం చూసేచోట ఆ మాట చల్లగా అనిపించింది.

ఐదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. బడి మొత్తానికి బాగా చదివేది ఆమే. ఎరువుల బస్తా మీద రాత, గోడ మీద పల్స్ పోలియో కాగితం, మాత్రల అట్ట, ఏది కనపడినా ఆగి చదివేది. ఒకటో తరగతి పిల్లలకు తెలుగు కథ ఒక వాక్యం చదివి, దాన్నే కోయలో చెప్పి, మళ్లీ ఇంకో వాక్యం చదివేది. అలా చేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఒత్తులు కొంచెం తేలిపోయేవి, 'ష' ఆమె నోట్లో 'స' అయ్యేది, వాక్యం చివర గొంతు సాగేది. అంతకు మించి ఏ లోపమూ లేదు.

ట్యాబ్ ముందు కూర్చోబెడితే ఆమెకు ఎర్ర గడి వచ్చింది.

మళ్లీ చదివించాను. మళ్లీ ఎరుపే. గట్టిగా చదవమన్నాను. మెల్లగా చదవమన్నాను. "ఒత్తులు సరిగ్గా పలుకమ్మా, 'స' కాదు, 'ష'" అని విసుక్కున్నాను. నాలుగోసారి ఆ పిల్ల తన గొంతు కాని గొంతుతో, ఒక్కో పదాన్ని భయం భయంగా విడదీసి చదివింది. అప్పుడూ ఎరుపే. బయట చీకటి పడేలోపు మలుపు దాకా వెళ్లాలి. సబ్మిట్ నొక్కాను. నొక్కింది నేనే.

ఆ పని నేను చేసి ఉండకూడదు. మాది వైరా. మా అబ్బా, అంటే మా నాన్న, టైలర్. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. మూడో తరగతిలో నాకు 'ళ' పలకదని మా టీచరు నన్ను బల్ల ఎక్కించి 'కళ్ళు, నీళ్ళు, వేళ్ళు' అని అందరి ముందూ అనిపించింది. క్లాసంతా నవ్వింది. ఆ తరవాత చాలా రోజులు బడిలో నేను అవసరమైతే తప్ప నోరు తెరవలేదు. అదంతా తెలిసిన దాన్ని, ఒక ట్యాబ్ చేతికి రాగానే మరిచిపోయాను.

నెలాఖరున మండల కేంద్రంలో టీచర్ల మీటింగ్. హాల్లో గోడ నిండా కొత్త డిజిటల్ బోర్డు. ఆఫీసరు గారు చేతిలో రిమోట్ పట్టుకుని ఒక్కో స్లైడు మారుస్తూ బడుల పేర్లు చూపిస్తున్నారు. పైన పచ్చగా ఉన్న బడులు, కింద ఎర్రగా ఉన్నవి. మా బడి అట్టడుగున ఉంది. అది సహించాను. తరవాతి స్లైడులో ఆ అమ్మాయి ఫోటో వచ్చింది. రెండు జడలు, యూనిఫాం, ట్యాబ్ వైపు బెదురుగా చూస్తున్న కళ్లు.

"ఐదో తరగతికొచ్చినా చదువు రాని పిల్లలు ఎట్లుంటరో ఒక ఉదాహరణ వినుండ్రి" అని ఆయన బటన్ నొక్కారు.

హాల్లో ఆ పిల్ల గొంతు వినిపించింది. కింద తెర మీద యాప్ తనకు వినపడింది రాసుకుంటూ పోతోంది. ఆమె "కుందేలు పొదలో దాక్కుంది" అని చదివింది. తెర మీద "కుండలు పోసి దాచుకుంది" అని పడింది. హాలంతా గొల్లుమంది. నా వెనక వరుసలో ఎవరో "అడవి పిల్లలకు గంతకంటే ఏమొస్తది తీ" అన్నారు. అన్నదీ టీచరే.

నేను లేచి నిలబడ్డాను.

"సార్, ఆ కింద రాత తీసేసి, గొంతు ఒక్కటే మళ్లా పెట్టండి."

"ఎందుకు మేడం? టైం లేదు."

"పిల్ల తప్పు సదవలేదు సార్. మీ యాప్ తప్పు విన్నది. పెట్టండి, అందరూ కళ్లు మూసుకుని వింటరు."

నేను కూర్చోనని అర్థమయ్యాక ఆయన పెట్టారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. కుందేలు, పొద, వాన, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ముందు వరుసలో ఒక పెద్ద మాస్టరు "సక్కగనే సదివింది గద" అన్నారు.

"రాష్ట్రమంతా ఇదే యాప్ వాడుతున్నరు మేడం" అన్నారు ఆఫీసరు.

"ఇది కోయ పిల్లల తెలుగు ఎప్పుడన్నా విన్నదా సార్?"

ఆయన రిమోట్ నొక్కి తరవాతి స్లైడు పెట్టారు. "నోట్ చేసుకుంటం. ఒకసారి ఎక్కిన డేటా మార్చనీకి రాదు" అన్నారు.

"మరి ఆ ఫోటో ఎవరినడిగి పెట్టిన్రు?"

"మీ ట్యాబ్ నుంచే వచ్చింది మేడం. దింపింది మీరే కదా."

నేను కూర్చున్నాను. దింపింది నేనే.

స్లైడులన్నీ ఆ మధ్యాహ్నమే టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అక్కడి నుంచి ఎవరి ఫోన్లోకి ఎలా పోయాయో, మూడో రోజుకు ఊళ్లో ఉన్నాయి. అమ్మాయి తల్లి మిరప తోటలో పని దిగి నేరుగా బడికి వచ్చింది. చేతులు మండుతున్నాయేమో, కొంగు తడిపి చుట్టుకుంది.

"టీచరమ్మా, నా బిడ్డకు సదువు రాదని ఫోన్ల ఏసిన్రంట. దవాఖానా చీటీ నాకు అదే సదివి చెప్తది. ఏ మాత్ర పొద్దున, ఏది మాపటికి అని. గది సదువు కాదా?"

"సదువేనమ్మా. నీ బిడ్డకు మంచిగ వస్తది. తప్పు మాది. నాది."

ఆమె కొంగు విప్పి మళ్లీ చేతులకు చుట్టుకుంది. "ఇంట్ల పుస్తకం పట్టుకుంటుంది గని నోరు ఇప్పుతలేదు" అని మాత్రం అంది.

మర్నాడు బడి మానేసి మండలం ఆఫీసుకు వెళ్లాను. ఫోటో తీసేదాకా కుర్చీలోంచి లేవనని కూర్చున్నాను. గ్రూపులోంచి తీసేశారు. ఊళ్లోని ఫోన్లలోంచి ఎవరు తీస్తారు? గడి మాత్రం ఎర్రగానే ఉంది. పైగా ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఎర్ర గడి పిల్లలను రోజూ ఒక గంట ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాలి, ఫోటో దించి పంపాలి.

"ఒక గంటే గద మేడం. పలక పట్టించి ఫోటో దింపి పంపుదాం. గొడవెందుకు" అన్నారు మా హెడ్మాస్టరు. చెడ్డవారు కాదు. పెన్షన్ కాగితాలు కదులుతున్న రోజుల్లో ఏ మాటా పడకూడదని ఆయన భయం.

"ఆ పిల్ల చేతికి పలక ఇయ్యను సార్. మీరు ఇచ్చినా లాక్కుంటా."

తెల్ల కాగితం మీద రాసి పంపాను. ఈ అమ్మాయి చదువును నేను నా చెవులతో విన్నాను, ఐదో తరగతి పుస్తకం ధారాళంగా చదవగలదు, అని. కింద సంతకం పెట్టాను. జవాబుగా నాకు మెమో వచ్చింది. సూచనలు పాటించనందుకు సంజాయిషీ ఇవ్వమని. నాలుగు పేజీల సంజాయిషీ రాశాను. దాన్ని ఎవరైనా చదివారో లేదో తెలియదు. ఆ తరవాత ఆ విషయం ఎవరూ ఎత్తలేదు. మరుసటి ఏడాది ఆ యాపే తీసేసి ఇంకోటి ఇచ్చారు. పాతది ఎందుకు తీసేశారో, అది ఎంతమంది పిల్లలను ఎర్ర గడిలో పెట్టి పోయిందో మాకెవరూ చెప్పలేదు.

ఆ అమ్మాయి ఐదో తరగతి అయిపోయేదాకా బడిలో పైకి చదవలేదు. అడిగితే రాసి చూపించేది. చిన్నపిల్లలకు కథలు చెప్పడం మానేసింది. వాళ్లు కొన్నాళ్లు ఆమె గౌను పట్టుకుని లాగి, తరవాత అడగడం మానేశారు. నేను పక్కన కూర్చుని బతిమాలాను, ట్యాబ్ బీరువాలో పెట్టి తాళం ఆమె చేతికే ఇచ్చాను. తల ఊపేది, పుస్తకం తెరిచేది, పెదవులు కదిపేది. గొంతు వచ్చేది కాదు.

ఇప్పుడు హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదువుతోంది. మొన్న సెలవుల్లో వారపు సంతలో కనిపించింది. నా కంటే పొడుగైంది. నన్ను చూసి నవ్వింది.

"ఎట్ల చదువుతున్నవ్ బిడ్డా?"

"మంచిగనే మేడం. పరీక్షలల్ల మార్కులు వస్తయి." మళ్లీ తనే, "క్లాసుల లేపి సదవమంటే మాత్రం కడుపుల నొప్పి లేసిందని చెప్త. కూసోమంటరు" అంది.

అది చాలా మామూలుగా చెప్పింది. తల్లి పిలిస్తే వెళ్లిపోయింది. నేను కొనాల్సినవేవీ కొనకుండా స్కూటర్ తీసుకుని ఇంటికి వచ్చాను. ఆ పూట ఇంట్లో ఎవరు ఏం అడిగినా విసురుగానే జవాబు చెప్పాను.