కష్టార్జితంలో పదో వంతు

ఒకటో తారీకు సాయంత్రం నా జీతం డబ్బులు మంచం మీద పెట్టుకుని కవర్లలోకి సర్దేదాన్ని. మొదటి కవరు దేవుడిది. జీతంలో పదో వంతు అందులో వేశాకే అద్దె కవరు, పాల కవరు, బస్ పాసుల కవరు బయటికి తీయాలి. ఇది మా పుట్టింటి నుంచి వచ్చిన అలవాటు. దశమభాగం ముందే పక్కన పెట్టేవాళ్ళకు మిగిలినదాన్ని పొదుపుగా వాడుకోవడం దానంతటదే వస్తుందని మా చర్చి సంఘం అయ్యగారు చెప్పేవారు. ఆయన మాట నిజమే, పొదుపు వచ్చింది. భయం పోతుందని మాత్రం ఆయన చెప్పలేదు, అది పోలేదు కూడా.

అప్పుడు మేము అమీర్‌పేటలో బల్కంపేట వైపు వెళ్ళే ఒక సందులో అద్దెకు ఉండేవాళ్ళం. ఒక గది, వంటకు ఇంకో అర గది. నేను పంజాగుట్టలో ఒక క్లినిక్‌లో రిసెప్షన్‌లో కూర్చునేదాన్ని. మా ఆయన గుంటూరులో అకౌంట్స్ ఉద్యోగం మానేసి సాఫ్ట్‌వేర్‌లోకి మారదామని వచ్చారు. ఆ రోజుల్లో ఎవరిని కదిలించినా జావా అనేవారు. ఆయన కంప్యూటర్ కోర్సులకు పేరుపడ్డ మైత్రీవనంలో జావా నేర్చుకున్నారు, దాని మీద ఇంకో కోర్సు కూడా చేశారు. ఉద్యోగం మాత్రం రాలేదు. ఎక్కడికి వెళ్ళినా అనుభవం ఉందా అని అడిగేవారు. ఉద్యోగమే ఇవ్వకపోతే మనిషికి అనుభవం ఎక్కడి నుంచి ఊడిపడుతుందో ఎవరూ చెప్పేవారు కాదు.

నాకు అప్పటికి ఏడో నెల. అన్ని ఖర్చులూ పోగా మిగిలింది కాన్పు కవరులో వేసేదాన్ని. మామూలు కాన్పయితే ఆ డబ్బు చాలుతుంది, ఆపరేషన్ అయితే చాలదు. నేను పనిచేసేది పళ్ళ డాక్టరు గారి క్లినిక్ కాబట్టి అక్కడి నుంచి సాయం ఆశించడానికి కూడా ఏమీ లేదు. కడుపులో బిడ్డ కాస్త గట్టిగా కదిలినా, కదలకపోయినా నాకు ఆ కవరే గుర్తొచ్చేది.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. ఎవరికైనా ఉద్యోగం వస్తే మొదటి నెల జీతం మొత్తం ప్రథమ ఫలంగా దేవుడికి ఇచ్చేస్తారు. అందరి ముందూ నిలబడి దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెబుతారు. ఒక ఆదివారం మా ఆయనతో కలిసి జావా చదివిన అబ్బాయి అలా లేచి నిలబడ్డాడు. వాళ్ళది నల్గొండ వైపు. మూసుకుపోయిన తలుపును దేవుడు తనకోసం తెరిచాడని చెప్పి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి జీతం కవరు బల్ల మీద పెట్టాడు. చర్చి అంతా స్తోత్రం అంది. నేనూ అన్నాను. మా ఆయన పెదవి కదపలేదు. ఈర్ష్య కాబోలు అనుకుని నాకు కోపం వచ్చింది.

ఇంటికి నడుస్తూ ఆయన అసలు సంగతి చెప్పారు. ఆ తలుపు ఉన్నది మైత్రీవనం వెనక ఒక బిల్డింగులోనట. అక్కడొక కన్సల్టెన్సీవాళ్ళు డబ్బు తీసుకుని, వాళ్ళ కంపెనీలో మూడేళ్ళు పనిచేసినట్టు సర్టిఫికెట్ ఇస్తారట.

"దొంగ సర్టిఫికెట్టా?" అన్నాను.

"కంపెనీ ఉంది, బోర్డు కూడా ఉంది. వాడు అందులో పనిచెయ్యలేదు, అంతే."

"అంతేనా?"

"మా బ్యాచ్‌లో సగం మంది అలాగే వెళ్ళారు. నేనొక్కణ్ణే మిగిలాను. ఆ కాన్పు కవరు ఇవ్వు, ఒక్క నెల జీతంతో మళ్ళీ నింపేస్తాను."

"మొదటి నెల జీతం దేవుడికి ఇవ్వాలి కదండీ."

"అయితే రెండో నెల."

"రెండో నెలకి నేను ఆస్పత్రిలో ఉంటాను."

చేతికి రాని డబ్బును ఖర్చు పెట్టకూడదని, ఏ పనైనా మొదలుపెట్టే ముందు కూర్చుని లెక్క వేసుకోవాలని అయ్యగారు ఎన్నోసార్లు బోధించారు. మేము ఆ సాయంత్రం బాగానే లెక్క వేశాం, రాని జీతంతో. నిజం చెప్పాలంటే నాకు అబద్ధం కన్నా ముందు ఆస్పత్రి బిల్లే కళ్ళ ముందు కనిపించింది. అయినా రెండు వారాల్లో మెత్తబడ్డాను. ఆయన మధ్యాహ్నం బయట తిన్నానని చెప్పి తినకుండా ఉంటున్నారని నాకు తెలిసిపోయింది. ఆ మొహం చూడలేక ఒక శనివారం కవరు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని ఆయనతో పాటు బయలుదేరాను.

మైత్రీవనం దగ్గర అడుగు తీసి అడుగు వేసేలోపు చేతిలో పాంప్లెట్లు కుక్కేవారు. నా పొట్ట చూసి కూడా ఒకతను ఒరాకిల్ నేర్చుకోమన్నాడు. వెనక బిల్డింగులో మూడంతస్తులు ఆయాసపడుతూ ఎక్కితే, ఒక చిన్న గదిలో బల్ల, ఫోను, దాని వెనక ఒక మనిషి ఉన్నాడు.

"రాండ్రి మేడం, కూసోండ్రి. అన్న మస్తు టెన్షన్ పడుతుండు. ఫికర్ జేయొద్దని చెప్పిన గద" అన్నాడు. మంచినీళ్ళు ఇప్పించాడు. నేనేం చేస్తుంటానని అడిగాడు. చెప్పగానే కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"రిసెప్షనా? గందుకే గొంతు సాఫ్ ఉన్నది. జర నా మాట వినుండ్రి మేడం. పెద్ద కంపెనీలోల్లు గీ నంబరుకు ఫోన్ జేస్తరు. ఫలానాయన మీ కంపెనీల చేసిండా అని అడుగుతరు. చేసిండు, మంచిగ చేసిండు అని చెప్పాలె. గంతే పని. ఇప్పుడొచ్చే జీతానికి డబల్ ఇస్త. అన్న సర్టిఫికెట్‌కు పైసలే వద్దు."

మా ఆయన నా వైపు చూశారు. ఆ చూపులో ఎంత ఆశ ఉందో నాకు ఇప్పటికీ గుర్తుంది. కవరు కవరుగానే ఉంటుంది, ఆపరేషన్ అయినా ఫర్వాలేదు, ఆయనకు ఉద్యోగం వస్తుంది. నా బుర్ర అప్పుడే రెట్టింపు జీతాన్ని కవర్లలోకి పంచడం మొదలుపెట్టింది. దశమభాగం కూడా రెట్టింపవుతుంది కదా అని కూడా అనుకున్నాను, అదేదో దేవుడికి కూడా లాభమైనట్టు.

అంతలో ఫోన్ మోగింది. "టైముకు వచ్చింది సూడుండ్రి. ఎత్తుండ్రి, ఎట్లుంటదో తెలుస్తది" అని అతను రిసీవరు తీసి నా చేతిలో పెట్టాడు.

అవతల ఒక అమ్మాయి, అచ్చం నాలాగే మర్యాదగా మాట్లాడింది. ఒకరి వివరాలు సరిచూసుకోవాలంటూ ఒక పేరు చెప్పింది. చర్చిలో సాక్ష్యం చెప్పిన అబ్బాయి పేరు అది. వాడి సాక్ష్యానికే మేమంతా స్తోత్రం అన్నాం. అవునంటే అబద్ధం, కాదంటే వాడి ఉద్యోగం ఊడుతుంది. "లైన్లో ఉండండి" అన్నాను. అది క్లినిక్‌లో రోజూ అనే మాట, దానంతటదే వచ్చేసింది. రిసీవరు అతని చేతికిచ్చేసి లేచాను. అతను ఇంగ్లీషులో ఆ అబ్బాయిని తెగ పొగుడుతుండగా మెట్లు దిగాను.

మా ఆయన వెనకే వచ్చారు. "ఒక్క ముక్క అంటే ఏం పోయేది?" అన్నారు.

"ప్రతి నెలా దేవుడి కవరు మీద నా పేరు రాసి ఇస్తున్నాను. అయ్యగారు దాని మీద చెయ్యి ఉంచి, ఈ బిడ్డ కష్టాన్ని దీవించమని ప్రార్థన చేస్తారు. ఈ ఉద్యోగంలో చేరితే దేన్ని దీవించమని ఇవ్వాలి?"

"దీవెన లేని డబ్బయినా ఆస్పత్రివాళ్ళు తీసుకుంటారు."

కాన్పు కవరున్న హ్యాండ్‌బ్యాగు చంకలో బిగించుకుని ఇంటి దారి పట్టాను. ఆ వారంలో ఆయన ఎర్రమంజిల్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాసే పని ఉందంటే వెళ్ళి అడిగి వచ్చారు. చూసి చెబుతామన్నారట. రోజూ ఆ కబురు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాం, అది రాలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర ఆ అబ్బాయి ఎదురొచ్చాడు. వందనాలు చెబుతూ నా చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి వదిలాక చూస్తే నా అరచేతిలో మడిచిన నోట్లున్నాయి.

"ఏంటి ఇది?" అన్నాను.

"నా నౌకరి నువ్వే కాపాడినవ్ అక్కా. ఫోన్ నువ్వే ఎత్తినవంట, కన్సల్టెన్సీ అన్న చెప్పిండు. కాన్పు ఖర్చులకు ఉంచు. మా అమ్మ సుత ఇయ్యమన్నది."

అన్నీ అయిదు వందల నోట్లే. మడత మందం చూస్తేనే తెలిసిపోయింది, ఆపరేషన్ అయినా భయం లేదని. మా ఆయన ఒకసారి నా చేతి వైపు చూసి, చెప్పులు వెతుక్కుంటున్నట్టు తల దించుకున్నారు. ఆయన చెప్పులు ఆయన కాళ్ళకే ఉన్నాయి.

"నువ్వు అక్కడ పనిచేశావని నేను చెప్పలేదు తమ్ముడూ" అన్నాను.

"మరి?"

"చెయ్యలేదని కూడా చెప్పలేదు. ఫోన్ ఆయనకే ఇచ్చేశాను. ఈ డబ్బు నాది కాదు."

నోట్లు వాడి చేతిలో పెట్టాను.

"అయితే ఆ మేడం మళ్ళ ఫోన్ జేస్తదా అక్కా?"

"నాకు తెలియదు" అన్నాను. వాడు నోట్లు జేబులో కుక్కుకుని, వందనాలు కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు. పైసా తీసుకోకుండానే వాడి భయం మాత్రం నేను తెచ్చుకున్నట్టయింది.

ఇంటికి వచ్చి తలుపు వేయగానే నాకు ఏడుపు ఆగలేదు. మా ఆయన నీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన నిలబడ్డారు.

"మంచి పనే చేశావు కదా, ఎందుకు ఏడుస్తావు?" అన్నారు.

"ఆ డబ్బు కోసమేనండీ" అన్నాను.

ఆయన మంచం మీద నా పక్కన కూలబడ్డారు.

"గేటు దగ్గరనుంచీ నేనూ దాని గురించే ఆలోచిస్తున్నాను" అన్నారు.