ఇన్సాఫ్ చేతి రొట్టె

జబ్బంటే మనిషిని చాప మీద పడేసేదని ఇన్సాఫ్ లెక్క. ఆమెను ఏ జబ్బూ పడేయలేదు. తెల్లవారుజామున నైలు కాలువ మీద మంచు మీగడలా పేరుకుంటే, అందులోంచి గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని తేలుతున్నట్టు నడిచివచ్చే మనిషి. అందుకే ఊళ్లో నెత్తుటి పరీక్షల డేరా వేస్తే వేడుక చూడబోయినట్టు వెళ్లి వేలు చాపింది. నెత్తుటి చుక్క పడ్డ పట్టీ మీద రెండో గీత మెల్లగా తేలింది.

"కాలేయాన్ని తినే సి వైరస్ పిన్నీ. ఇంకా ఒంట్లో ఉందో, వచ్చి దానంతటదే పోయిందో ఈ గీత చెప్పదు. మళ్లీ నెత్తురు తీయాలి," అంది డాక్టరమ్మ హనాన్. "చిన్నప్పుడు బళ్లో కాలువ పురుగు జబ్బుకి సూదులు వేశారా?"

"ఊరంతటికీ వేశారు. నేనేమైనా ఆకాశం నుంచి ఊడిపడ్డానా?"

అంటూండగానే కళ్లముందు గిన్నెలో నీళ్లు మరిగాయి. ఆవిరిలో గాజు సిరంజి మెరిసింది. వరసగా నిలబడ్డ పిల్లల జబ్బల మీద ఒకే సూది తూనీగలా వాలుతూ పోయింది. అప్పుడు దూరిందేమో, ఇన్నేళ్లూ చప్పుడు లేకుండా లోపల కాపురం చేసింది.

ఇంటికొచ్చి చేతులు చూసుకుంది. ఈ చేతులు పిసికిన పిండేగా వీధంతా తినేది! రొట్టెల రోజున ఆడవాళ్లంతా ఆమె పొయ్యి దగ్గరే చేరతారు. రొట్టెలు పొంగడానికి పిండిలో కలిపే పులిసిన ముద్ద ఆమె కుండలోంచే అందరికీ పోతుంది. తల్లినాటి నుంచి చావని ముద్ద. ఒకరిని అడిగే అలవాటు ఉంటేనా! కుండ తీసుకెళ్లి కాలువలో బోర్లించింది. తెల్లటి ముద్ద మబ్బులా విచ్చుకుని సాగిపోయింది.

"కుండలో ఎలుక పడింది," అంది ఆడవాళ్లు వచ్చినప్పుడు.

"నీ నోటికి పిల్లులే పారిపోతాయి అక్కా, ఎలుకెలా వచ్చిందీ?" అంది తోటికోడలు బదరియ్యా.

రెండో పరీక్షలో వైరస్ ఉన్నట్టే తేలింది. కాలేయం మాత్రం ఇంకా చెడలేదు.

"మూడు నెలలు మాత్రలు వేసుకో. ఆపాక మళ్లీ నెత్తురు చూస్తాం," అంది హనాన్.

"నొప్పే లేందే మాత్రలేమిటి తల్లీ?"

"నొప్పి తెలిసేసరికి కాలేయం రాయవుతుంది పిన్నీ."

"మరి నా రొట్టె తిన్నవాళ్లు?"

"ఇది నెత్తురు నుంచి నెత్తురుకే పోతుంది. సూదులూ బ్లేడులూ ఎవరితోనూ పంచుకోకు. వేలు తెగితే కట్టు కట్టు. పిండి నీ ఇష్టమొచ్చినట్టు పిసుకు."

తర్వాతి రొట్టెల రోజు బదరియ్యా పుట్టింటి నుంచి పులిసిన ముద్ద తెచ్చింది. ఇన్సాఫ్ గడప దగ్గరే నిలబడి అంతా చెప్పేసింది. పక్కింటి కొత్తకోడలు షైమా తన పిండి పళ్లెం మీద గుడ్డ కప్పుకుంది.

"అయితే ఎలుక అబద్ధమా! కాలువలో చేపలు ఉబ్బిపోయి ఉంటాయి," అంది బదరియ్యా. "నేనూ అదే సూదుల వరసలో నిలబడ్డానక్కా. నా మాత్రలు పోయినేడే అయిపోయాయి. నీకు చెబితే ఊరికి చాటుతావని నోరు మూసుకున్నా."

బదరియ్యా ఇన్సాఫ్ చేతులు పట్టుకుని పిండిలోకి లాగింది. వెచ్చటి పిండి వేళ్ల మధ్య ఊపిరి తీస్తున్నట్టు కదిలింది. మొదటి రొట్టె చంద్రుడిలా పొంగి బయటికొచ్చింది. బదరియ్యా దాన్ని చించి సగం నోట్లో పెట్టుకుని, మిగతాది షైమా ఒళ్లో పడేసింది.

షైమా దాన్ని చాలాసేపు చూసింది. చల్లారనిచ్చింది. తర్వాత తన పళ్లెం మీద గుడ్డ తీసి, పిండిని ఇన్సాఫ్ ముందుకు జరిపింది.