కత్తికి పోయిన ఊరు

రికార్డు ఆఫీసులో ముప్ఫై ఆరేళ్లు పుస్తకాలు కుట్టి రిటైరైన బైండరును అందరూ నీటు మేస్త్రి అంటారు. వెక్కిరింపుగా పెట్టిన పేరే గానీ ఆయన దాన్ని బిరుదులా మోశాడు. బల్ల మీద చెంచా కాస్త వంకరగా ఉంటే చాలు, మాట మధ్యలో ఆపి, దాన్ని సరిచేసి, మళ్లీ మాట అందుకుంటాడు. ఇలాంటి మనిషితో కాపురమంటే మాటలా? ఆయన భార్య నలభై ఏళ్లు నవ్వుతూ నెట్టుకొచ్చి, మూడేళ్ల కింద పోయింది. అప్పట్నుంచి మేస్త్రి అక్క ఇంట్లోనే ఉంటున్నాడు.

ఆ అక్కే ఆయన్ను పెంచింది. తల్లి పోయేనాటికి ఆయనకు మూడేళ్లు, ఆవిడకు పన్నెండు. ఇప్పుడు ఆవిడకు డెబ్బై తొమ్మిది. తుంటి విరిగి ఆర్నెల్లుగా మంచాన ఉంది. విరిగింది తుంటే గానీ నోరు కాదు.

ఒకరోజు పొద్దున మందు మింగి, గ్లాసు తమ్ముడి చేతికిస్తూ ఉన్నట్టుండి అంది.

"ఒరే, నేను పోయేలోగా మన ఊరేదో కనుక్కుని చెప్పరా."

"ఇదే కదక్కా మన ఊరు."

"ఇది కాదురా మొద్దూ! తాతమ్మ ఏ ఊరి నుంచి ఓడెక్కి వచ్చిందో ఆ ఊరు."

ఆ కోరిక ఎక్కణ్ణుంచి వచ్చిందో మేస్త్రికి తెలుసు. అక్క పెళ్లి మాటలప్పుడు అవతలివాళ్లు "అసలు మీదే ఊరండీ?" అని అడిగితే తండ్రి నీళ్లు నమిలాడు. ఇక చూస్కో, అత్తగారికి ఆయుధం దొరికింది. కూర మాడినా, బిడ్డ ఏడ్చినా, బయట వాన కురిసినా "ఊరూ పేరూ లేనిదాన్ని తెచ్చుకున్నాం మరి" అనేది.

"ఆ ముసలావిడ పోయి ముప్ఫై ఏళ్లయిందక్కా. ఇంకా ఎందుకు మనసులో పెట్టుకుంటావు?"

"నీకేం, నువ్వు పడ్డావా ఆ మాటలు?" అంటూ ఆవిడ గోడవైపు తిరిగింది. తుంటి విరిగిన మనిషి అలా తిరగాలంటే ఎంత నొప్పో! ఆ తిరగడం చూశాక మేస్త్రి లేచాడు. చొక్కా మార్చుకుని, పదేళ్లుగా గడప తొక్కని ఆఫీసుకు బయల్దేరాడు.

ఈ వంశానికి కథలకేం కొదవ లేదు. పెద్దబాబాయి చెప్పుకునేదాన్నిబట్టి తాతమ్మ మొగుడికి గుర్రాలశాల ఉండేదట. అంతటి మారాజు ఓడెక్కి కూలికి ఎందుకొచ్చాడయ్యా అంటే, బాబాయికి వెంటనే దగ్గు వచ్చేది. ఆ కథల జోలికి పోకుండా మేస్త్రి కాగితాల వెంట నడిచాడు. బడి రిజిస్టరులో తండ్రి దొరికాడు. తాళ్ల కార్ఖానా హాజరు పట్టీలో తాత దొరికాడు. ఆ తాత పుట్టుక నమోదు రేవు ఆసుపత్రి పుస్తకంలో తగిలింది. తల్లి పేరుంది, ఆమె వచ్చిన ఓడ పేరుంది, దిగిన తేదీ ఉంది. తండ్రి పేరు రాయాల్సిన చోట ఒక అడ్డగీత ఉంది. లెక్క చూస్తే ఆమె ఓడ దిగిన ఐదు నెలలకు బిడ్డ పుట్టాడు. గుర్రాలూ లేవు, గుర్రాలాయనా లేడు. తాతమ్మ కడుపుతో ఒంటరిగా దిగింది.

ఇక మిగిలింది ఓడ ప్రయాణికుల పుస్తకం, ఏడో సంపుటం. అందులో మూడువందల పన్నెండో వరసలో ఆమె కనిపించింది. వయసు పంతొమ్మిది. తోడు ఎవరూ లేరు. సామాను ఒక రేకుపెట్టె. అంతే, వరస అయిపోయింది.

"ఊరు ఎక్కడ రాస్తారు మేడమ్?" అని అడిగాడు, పుస్తకాలకు కాపలా ఉన్న అధికారిణిని.

"దానికి గడి లేదండీ. అప్పటి గుమాస్తా బుద్ధిమంతుడు. ప్రతి మనిషినీ అడిగి, పక్కన ఖాళీ అంచులో రాసేవాడట. ఎనిమిదో సంపుటంలో, తొమ్మిదిలో చక్కగా ఉంటాయి. ఈ ఏడులో మాత్రం ఎవరో మహానుభావుడు బైండింగు చేసేటప్పుడు అంచులు కోసిపారేశాడు. వారానికి ఒకరైనా వచ్చి ఈ పేజీ దగ్గర ఏడ్చి వెళ్తుంటారు."

మేస్త్రి పేజీ అంచు చూశాడు. ప్రతి వరస చివరా ఒక అక్షరం తోకో, కొమ్మో మిగిలి ఉంది. మెల్లగా పుస్తకం మూసి వీపు తడిమాడు. ఐదో కుట్టు కన్నం దగ్గర రెండు ముడులు. ఆ ముడి వేసే చెయ్యి ఈ ఆఫీసులో ఒక్కటే ఉండేది. అంచులు చిరిగి పీచులుగా ఉన్నాయని బొటనవేలు వెడల్పున కటింగ్ మిషన్లో పెట్టి సాపు చేసింది తనే. పని నేర్పిన గురువు మొదటిరోజే చెప్పాడు, బైండరన్నవాడు పేజీలు చదువుతూ కూర్చుంటే పని తెమలదని. ఆ మాట తు.చ. తప్పకుండా పాటించాడు. ఎంత పని చేశావయ్యా మేస్త్రీ! అక్కడే బెంచీ మీద కూలబడ్డాడు.

ఇంటికొచ్చి అబద్ధమాడాడు. "అంచులు చెదలు తినేశాయక్కా. ఊరు పోయింది." నమ్మకం కుదరాలని ఫోన్లో తీసిన ఫొటో కూడా చూపించాడు. అదీ ఆయన తెలివి!

అక్క కళ్లజోడు పెట్టుకుని ఫొటోను అటూ ఇటూ తిప్పింది.

"చెదలు ఇంత సూటిగా తింటాయట్రా? గీత గీసినట్టుంది. ఇంత నీటుగా తినే పురుగు నాకు తెలిసి ఒక్కటే ఉంది."

డెబ్బై ఏళ్ల మనిషి మంచం పట్టె మీద తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నేనేనక్కా. నా చేత్తో నేనే కోశాను. మనదే కాదు, ఎంతమంది ఊళ్లు కోసిపారేశానో."

"నీ నీటు తగలెయ్య!" అంది అక్క. కాసేపు నోటికొచ్చినట్టు తిట్టింది. తిడుతూనే తమ్ముడి తల నిమిరింది. ఆ తర్వాత అడిగింది, "సరే, కోసిన ముక్కలేం చేశావు?"

మేస్త్రి ఏడుపు టక్కున ఆగింది. అవును, ఏం చేశాడు? కాగితం ముక్క పారెయ్యడం ఆయన ఒంట్లోనే లేదు. కోసిన పీలికలన్నీ డబ్బాలో వేసుకుని, తర్వాత కుట్టే పుస్తకం వీపు గట్టిపడడానికి అట్టకింద అంటించేవాడు. ఏడు తర్వాత కుట్టింది ఎనిమిది.

ఎనిమిదో సంపుటం వీపు విప్పుతానంటే అధికారిణి ముందు ససేమిరా అంది. ఆ ముడి తనదేనని, ఆ మహానుభావుడు తనేనని ఆయన ఒప్పుకున్నాక, ముఖంలోకి చాలాసేపు చూసి మెత్తబడింది.

"మీరే విప్పాలి, మీరే కుట్టాలి. వెంట్రుకవాసి కూడా కొయ్యకూడదు."

"కత్తి తేనే తేనమ్మా," అన్నాడు మేస్త్రి.

తడిగుడ్డ పరిచి, జిగురు నానేదాకా ఆగి, మొద్దు బద్దతో ఒక్కో పీలికా లేపాడు. నాలుగు రోజులు పట్టింది. పీలికల మీద ఊళ్లే ఊళ్లు. వాటిని ఏడో సంపుటం పేజీల పక్కన పెట్టి, అక్షరం తోకకు అక్షరం తల కలుపుకుంటూ పోయాడు. నాలుగో రోజు మధ్యాహ్నం మూడువందల పన్నెండో వరస కలిసింది. చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. దాని కింది వరసలో ఒక ఊరి పేరుంది, వినసొంపుగా, నోరారా పలకాలనిపించేలా.

దారంతా ఆ కింది వరస ఊరే మనసులో మెదిలింది. చెప్పేస్తే పోలేదా? మంచాన ఉన్న మనిషి, వెళ్లి సరిచూసుకుంటుందా? ఒక్క పేరు, ఆవిడ ప్రాణం హాయిగా ఉంటుంది. మెట్లెక్కేటప్పటికి దాదాపు నిశ్చయించుకున్నాడు.

"దొరికిందా?" ఆయన గుమ్మంలో ఉండగానే మంచం మీంచి అడిగింది అక్క. పొద్దుట్నుంచీ ఎదురుచూసినట్టుంది, ముఖమంతా కళ్లే.

ఆ ముఖం చూశాక ఇంకో అబద్ధానికి నోరు రాలేదు. "దొరికింది గానీ ఊరు లేదక్కా. గుమాస్తా చీమ తలకాయంత అక్షరాలతో ఇలా రాశాడు." జేబులోంచి తను రాసుకున్న కాగితం తీసి చదివాడు. "మూడుసార్లు అడిగాను. ఊరు చెప్పడం లేదు. చెబితే వెనక్కి పంపేస్తారని భయపడుతోంది. పంపొద్దని నా కాళ్లు పట్టుకుంది."

అక్క ఆ కాగితం అందుకుని తనూ ఒకసారి చదివింది.

"దానికెన్నేళ్లన్నావు?"

"పంతొమ్మిది."

"అయ్యో నా తల్లీ. నా మనవరాలికంటే చిన్నదిరా. కడుపుతో, ఒక్కతీ... ఎంత కష్టమొస్తే అలా కాళ్లు పట్టుకుంటుంది!" అని దుప్పటి అంచుతో కళ్లు ఒత్తుకుంది. అంతలోనే ఏదో తోచి తమ్ముడి మణికట్టు గట్టిగా పట్టుకుంది. నూట ముప్ఫై ఏళ్ల కిందటి సంగతని గానీ, తామిద్దరూ ఈ గదిలో కూర్చుని ఉన్నారని గానీ ఆ క్షణాన ఆవిడకు గుర్తున్నట్టు లేదు.

"పంపలేదు కదరా వెనక్కి?"

"లేదక్కా," అన్నాడు మేస్త్రి. "పంపలేదు. ఉండనిచ్చారు."

"హమ్మయ్య," అంది అక్క.