మేస్త్రి చదివిన చీటీ

ఇది ఆరేళ్ళ క్రితమే రాయాల్సింది. అప్పుడు నాకు రాయడం రాదు. పోయిన ఏడాదే, నలభై మూడేళ్ళ వయసులో, ప్రార్థన మందిరంలో పాస్టరమ్మ గారి దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. ఎవరిచేతనైనా రాయించవచ్చు కదా అంటారేమో. నా చీటీ ఇంకొకరు చదివితే ఏమైందో చూశాక ఆ నమ్మకం పోయింది.

మాది అద్దంకి దగ్గర పల్లె. రెండు రూపాయల బియ్యం వచ్చిన కొత్తలు, మిరప కోతలు జోరుగా సాగుతున్నాయి. ఒకరోజు చేలోంచి ఇంటికొచ్చి మూత్రానికి కూర్చుంటే నాలుగు చుక్కలు పడి ఆగిపోయింది. ఆ నాలుగు చుక్కలూ నిప్పులా కాల్చాయి.

మా తోడికోడలు రాహేలుకు చెప్పాను.

"మిరప చేత్తో ముట్టుకునుంటావు. సబ్బుపెట్టి కడుక్కో," అంది.

నేనూ అదే అనుకున్నాను. కాయ కోసేవాళ్ళకు ఎక్కడ మండినా మిరప మంటే. బొడ్డుకు ఆముదం రాసుకున్నాను, సబ్జా గింజల నీళ్ళు తాగాను. అలా రెండు నెలలు పోయాయి.

మా పని సంగతి కొంచెం చెప్పాలి. పొద్దున గంజి తాగి చేలోకి దిగితే పొద్దుగూకేదాకా మేము నీళ్ళు ముట్టేవాళ్ళం కాదు. తాగితే పోవాల్సి వస్తుంది. మొక్క నడుముదాకా కూడా రాదు, కనుచూపుమేర చాటు లేదు. సాలు మధ్యలో వదిలి కదిలితే మేస్త్రి కోటయ్య కేకేసేవాడు.

"ఏమ్మే, కాయ కొయ్యడానికొచ్చావా, చేలు తిరగడానికొచ్చావా?"

తను మాత్రం గట్టుమీద అటు తిరిగి నిలబడి, మాకు పని పురమాయిస్తూనే కానిచ్చేవాడు.

చలిజ్వరం మొదలయ్యాక ఊళ్ళో ఆర్ఎంపీ సూదులు వేశాడు. పరీక్ష అనేదే లేదు. నన్ను బయట కూర్చోబెట్టి మా ఆయనతో, "ఇది మంచి రోగం కాదు. నువ్వు తిరిగొచ్చావా, ఆమె తిరిగిందా?" అన్నాడట. మా ఆయన వారం రోజులు నా మొహం చూడలేదు. ఆ వారాన్ని ఇప్పటికీ క్షమించలేను.

తర్వాత ఒకరోజు పొద్దుట్నుంచీ ఒక్క చుక్క రాలేదు. పొత్తికడుపు రాయిలా బిగిసింది. గుంటూరు బస్సు గుంటలో పడ్డ ప్రతిసారీ అరిచాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ క్యాథెటర్ గొట్టం వేసి మూత్రం తీసి, "ఎన్నాళ్ళనుంచి ఇట్లా ఆపుకుంటున్నావమ్మా?" అంది. ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమే.

"పెళ్ళికి ముందునుంచీనండి," అన్నాను.

యూరిన్ కల్చర్‌కు పంపారు, ఇంకేవో పరీక్షలు చేశారు. "యురేత్రా అంటే మూత్రం బయటికొచ్చే గొట్టం. మళ్ళీ మళ్ళీ ఇన్ఫెక్షన్ వచ్చి లోపల మచ్చకట్టి సన్నబడింది. స్ట్రిక్చర్ అంటాం. ఆడవాళ్ళలో అరుదే," అంది. నేను ఆర్ఎంపీ మాట చెప్పాను. ఆమె మా ఆయన్ని లోపలికి పిలిచింది.

"నీ భార్యకు ఏ చెడ్డ రోగమూ లేదయ్యా. ఆమెకు లేనిది చాటు."

ఆ గొట్టాన్ని వెడల్పు చేయడానికి డైలటేషన్ చేశారు. సన్నటి ఇనుప కడ్డీ, తర్వాత కొంచెం లావుది, ఆ తర్వాత ఇంకా లావుది. ఆ నొప్పి గురించి ఇంతకంటే రాయను.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ తెలుగులో చీటీ రాసిచ్చింది. "నీళ్ళు బాగా తాగు, ఆపుకోకు. ఈ చీటీ నీకు కాదు, నీకు పనిచ్చేవాళ్ళకు," అంది.

కోటయ్యకిచ్చాను. పెదాలు కదుపుతూ చివరిదాకా చదివాడు. "మందులు మానొద్దంటమ్మే. అంతే," అని మడిచి నా చేతిలో పెట్టాడు.

ఆ మరుసటి కోతల్లో మూత్రానికి పోతానని అడిగితే, "ఇంతమంది ఆడాళ్ళకు లేంది నీకొక్కదానికేనా, రాణీగారూ?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను మళ్ళీ నీళ్ళు మానేశాను. మళ్ళీ గొట్టం మూసుకుపోయింది. మళ్ళీ కడ్డీలు. ఆ డాక్టరమ్మ అప్పటికే బదిలీ అయిపోయింది.

పోయిన నెల ట్రంకుపెట్టెలో ఆ చీటీ దొరికింది. కూడబలుక్కుంటూ చదివాను.

"ఈమెకు మూత్రనాళం సన్నబడింది. పనిలో నీళ్ళు తాగనివ్వండి. రెండు గంటలకోసారి పంపండి. చేలో ఆడవాళ్ళకు ఒక చాటు కట్టించండి. లేకపోతే మిగతావాళ్ళూ జబ్బుపడతారు."

ఇది చదివి కూడా అతను నన్ను రాణీగారూ అన్నాడు. రెండోసారి ఆ కడ్డీల కిందికి నన్ను పంపింది రోగం కాదు, కోటయ్య.

ఇప్పుడు ధార బాగానే ఉంది. అప్పుడప్పుడు వెళ్ళి చూపించుకుంటాను. మంట పుడితే మిరపకాయ మీదికి నెట్టకండి, వెంటనే యూరిన్ పరీక్ష చేయించుకోండి. ఎవరేమన్నా నీళ్ళు మానకండి.

చీటీ చదివిన మర్నాడు పొద్దున బిందెడు నీళ్ళు, ఒక పాత చీర, రెండు కర్రలు తీసుకుని చేలోకి వెళ్ళాను. అందరి ముందూ చీటీ పైకి చదివాను. తడబడ్డాను, అయినా ఆపలేదు. కోటయ్య తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. చెంబు నిండా నీళ్ళు తాగాను. చేను మూల కర్రలు పాతి చీర కట్టాను. కాసేపు కాయ కోసి, సాలు మధ్యలో లేచాను.

"ఎక్కడికమ్మే?" అన్నాడు కోటయ్య.

"ఉచ్చకి," అన్నాను, అవతలి చేను దాకా వినబడేటట్టు.

వెనక్కి చూస్తే రాహేలు ఒడిలో కాయ బుట్టలో పోసి చెంబు అందుకుంటోంది.