సూది లేకుండా వచ్చిన తిమ్మిరి

యూనిఫారాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ పాదరసం అనేవారు. ఇరవై రెండేళ్లుగా కటింగ్ బల్ల దగ్గర నిలబడి పనిచేసిన మనిషి. భోజనం కూడా నిలబడే కానిచ్చేది. ఆమె కత్తెర వేసిన కాలరుకు మళ్లీ టేపు పెట్టి చూడాల్సిన పని ఉండేది కాదు.

అలాంటి మనిషికి కుడి భుజం బిగుసుకుపోయింది. తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదు. ఎవరడిగినా "ఏం లేదు, పట్టేసింది" అనేది. చివరికి చెల్లెలు వచ్చి గొడవ పెట్టుకుంది.

"నీ 'ఏం లేదు' విని విని నా చెవులకి చిల్లులు పడ్డాయక్కా. మా ఆఫీసులో ఒకావిడకి ఆక్యుపంక్చర్‌తో తగ్గింది. నడు."

"రోజంతా సూదుల మధ్యే ఉంటాను. మళ్లీ వాటితో పొడిపించుకోమంటావా?"

"అవి బట్టలకి. ఇవి నీ మొండితనానికి."

క్లినిక్ మేడ మీద ఒకే గది. రెండు మంచాలు, మధ్యలో తెర. డాక్టరమ్మది సన్నని గొంతు. తిమ్మిర్లు, తల తిరగడం లాంటివి ఉన్నాయా అని అడిగింది.

"ఏం లేదండీ."

"సరే. సూది దిగాక అక్కడ బరువెక్కినట్టో, లోపల ఎవరో లాగినట్టో ఉంటుందమ్మా. కొందరికి సన్నగా సలుపుతుంది, వెచ్చగా ఉంటుంది, చీమలు పాకినట్టుంటుంది. సూది పట్టిందనడానికి మేము దాన్నే గుర్తుగా చూస్తాం. అసలేమీ తెలియకపోయినా పర్లేదు. కానీ మంట పుట్టినా, కరెంటు కొట్టినట్టు జివ్వుమన్నా ఓర్చుకోకండి, చెప్పండి. ఇరవై నిమిషాలు కదలకూడదు."

భుజంలో మొదటి సూది దోమ కుట్టినంత కూడా లేదు. రెండోది దిగాక ఎవరో బొటనవేలితో అదిమిపట్టినట్టు బరువు. మూడోది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో దిగింది. సలుపు మణికట్టు దాకా పాకి, వేళ్ల చివర్లలో చీమలు బయలుదేరాయి. డాక్టరమ్మ తెర అవతలికి వెళ్లింది.

కాలుగాలిన పిల్లిలా తిరిగే మనిషిని మంచానికి అతికించినట్టయింది. గ్యాసు కట్టేశానా లేదా? ఫ్యాక్టరీలో నీలం గుడ్డ తాను ఎవరు విప్పుతారు? ఎటు తిప్పినా మనసు మళ్లీ ఆ చీమల దగ్గరికే వచ్చేది. ఎందుకంటే అవి ఆమెకు కొత్త కాదు. నాలుగు నెలలుగా నిద్రలేచేసరికి ఆ వేళ్లే మొద్దుబారి ఉంటున్నాయి. రెండుసార్లు కత్తెర జారిపోయింది.

వాళ్లమ్మ చేతిలోంచి కూడా ఒక పొద్దున అలాగే గ్లాసు జారింది. తిమ్మిరెక్కిందిలే అంది అమ్మ. సాయంత్రానికి మూతి పక్కకి లాగేసింది. ఎనిమిదేళ్లు మంచంలో ఉంది. ఎత్తి కూర్చోబెట్టిందీ, తినిపించిందీ పెద్ద కూతురే. అప్పట్నుంచీ మంచం అంటేనే ఆమెకు దడ.

కదలకూడదు. ఇక ఆగలేకపోయింది.

"డాక్టరుగారూ!"

"మంటగా ఉందా?"

"కాదండీ. ఈ తిమ్మిరి నాకు సూది లేకుండానే వస్తోంది. నాలుగు నెలలుగా."

తెర అవతల చెల్లెలి కుర్చీ కిర్రుమంది. డాక్టరమ్మ సూదులు తీసేసి, ఏ వేళ్లకని అడిగింది. బొటనవేలు, పక్కనున్న రెండూ. మణికట్టు వంచి ఉంచమంది. నిమిషం తిరక్కుండానే చీమలు వచ్చాయి.

"సూదితో వచ్చింది సూది తీశాక పోతుంది. దానంతట అదే వచ్చేదాన్ని నేను సూదులతో కప్పిపెట్టకూడదమ్మా. నరాల డాక్టరుకి చూపించుకోండి."

"మా అమ్మకి వచ్చిన పక్షవాతమేనా?"

"నాకైతే అలా అనిపించడం లేదు. కానీ పరీక్ష చేస్తేనే తేలుతుంది."

మెట్ల మీద చెల్లెలు చెయ్యి పట్టుకుని ఆపింది. "నాకైనా చెప్పొచ్చు కదక్కా?"

"నోటితో అంటే నిజమైపోతుందేమోనని భయమేసిందే."

పరీక్ష రోజు ఆసుపత్రి వరండాలో ఆమె తిరుగుడు చూసి నర్సుకే కళ్లు తిరిగాయి. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందని తేలింది. ఇరవై రెండేళ్ల కత్తెర చేసిన పని. చిన్న ఆపరేషన్ చేశారు. ఇంట్లో కూర్చోమన్న మూడు వారాల్లో బీరువా నాలుగుసార్లు సర్దింది, అదీ ఎడమచేత్తో. తిమ్మిరి తగ్గింది. భుజానికి మాత్రం మళ్లీ సూదుల గదికే వెళ్లింది. మూడో నెలకు చెయ్యి పై అరను అందుకుంది. ఫ్యాక్టరీలో ఇప్పుడు సగం రోజే కత్తెర, మిగతా సగం కొత్తవాళ్లకు నేర్పడం.

అయినా ఇప్పటికీ ఒక్కో పొద్దున చెయ్యి మొద్దుబారితే అద్దం ముందుకు పరుగెత్తి మూతి చూసుకుంటుంది. ఆ తర్వాత చెల్లెలికి ఫోన్.

"చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నావా?"

"ఆ."

"మరి తిమ్మిరెక్కదూ? కాసేపు ఆగి మళ్లీ ఫోన్ చెయ్యి. నేనిక్కడే ఉంటాను."